నోబుల్ దొర బడి వెతుక్కుంటూ బందరులో మూడు రోజులు

మా నాన్న మంచం కింద ట్రంకు పెట్టెలో ఒక గ్రూప్ ఫోటో ఉంది. అట్ట అంచులు చెదలు తినేశాయి, మధ్యలో నీళ్ల మరక. కింద ఇంగ్లీషులో నోబుల్ హైస్కూలు, మసూలీపటం, 1936 అని అచ్చేసి ఉంది. ముందు కుర్చీల్లో తలపాగాలతో మేష్టర్లు, వెనక మూడు వరసల కుర్రాళ్లు. రెండో వరసలో ఎడమ నుంచి నాలుగోవాడు మా తాతయ్య. పైన కోటు ఉంది, కాళ్లకు చెప్పుల్లేవు.

ఆ ఫోటోతో పాటు మా ఇంట్లో ఒక చొక్కా కథ కూడా ఉంది. తాతయ్య బడి నుంచి రాగానే వీధి అరుగు మీదే చొక్కా విప్పి మేకుకు తగిలించాలి. నూతి దగ్గర స్నానం చేశాకే లోపలికి రావాలి. అది దొరల బడి, కిరస్తానం బడి. "ఏమరుపాటుగా ఉంటే కలిపేసుకుంటారు" అనేదట ఆయన తల్లి. పిల్లాడు ఇంగ్లీషు చదవాలి, ఉద్యోగం తేవాలి, కానీ బడి మాత్రం గుమ్మం దాటి ఇంట్లోకి రాకూడదు!

నాన్నకి డెబ్బై ఎనిమిదేళ్లు. ఈ మధ్య మోకాళ్లు సహకరించడం లేదు. "నువ్వన్నా ఒకసారి వెళ్లి చూసి రారా" అన్నాడు. నవంబరు 21న ఆ బడి పుట్టినరోజు అని తెలిసి, ఆ వారం చూసుకుని హైదరాబాదు నుంచి బయల్దేరాను. ఫోటోను ఫోన్లో తీసుకుని, దానికి ఒక ప్రింటు కూడా తీయించి సంచిలో పెట్టుకున్నాను.

నవంబరు 20, బుధవారం: కోనేరు సెంటరు

బెజవాడ బస్టాండులో కండక్టర్లు ఎవరూ మచిలీపట్నం అనరు. "బందర్ బందర్ బందర్" అని ఒకే ఊపిరిలో మూడుసార్లు అంటారు. బోర్డు మీద ఉన్న పేరు ప్రభుత్వానికి, నోట్లో ఉన్న పేరు జనానికి. బస్సు దిగేసరికి సాయంత్రం నాలుగున్నర అయింది. నవంబరు చివర్లో కూడా ఒళ్లంతా జిడ్డుగా, గాలిలో ఉప్పు. లాడ్జిలో నాన్ ఏసీ గది 1,100 రూపాయలు. కౌంటర్లో కుర్రాడు తాళంచెవితో పాటు అడక్కుండానే దోమల చక్రం ఒకటి చేతిలో పెట్టాడు. బందరు దోమల గురించి చిన్నప్పటి నుంచి వింటున్నాను. ఆ రాత్రి పరిచయం కూడా అయింది.

కోనేరు సెంటరుకి నడిచి వెళ్లి ఒక బండి దగ్గర పునుగులు తిన్నాను. ప్లేటు 30. పల్లీ చట్నీ కాకుండా అల్లం పచ్చడి, దాని మీద కారప్పొడి. బండాయన్ని నోబుల్ ఎటు అని అడిగాను. "ఏ నోబులండీ? కాలేజీయా, హైస్కూలా?" అన్నాడు. నాకు రెండూ ఒకటే అనే భ్రమ. పక్కన పునుగులు తింటున్న ఇద్దరు నా ప్రశ్నని అందుకున్నారు. ఒకాయన కుడి వైపు చేయి చూపించాడు, ఇంకొకాయన ఎడమ వైపు. తర్వాత వాళ్లిద్దరూ అసలు దొర మొదట ఎక్కడ పెట్టాడో తేల్చుకునే పనిలో పడ్డారు. నేను డబ్బులిచ్చి వచ్చేసినా వాళ్ల వాదన ఆగలేదు. ఊళ్లో ఒక బడి గురించి ఇంత పట్టింపు ఉండటం నాకు నచ్చింది.

రాత్రి మెస్సులో భోజనం 130, రొయ్యల వేపుడు విడిగా 180. తాతయ్య చొక్కా కథ రాసినవాణ్ణి రొయ్యల గురించి ఎక్కువ రాయకూడదు. వడ్డించే ఆవిడ మాత్రం "ఇంకొంచెం వేసుకోండి, హైదరాబాదులో మీకు ఈ రొయ్య ఎక్కడ దొరుకుతుంది" అని రెండుసార్లు కొసరేసింది. కొసరుకు డబ్బులు తీసుకోలేదు.

నవంబరు 21, గురువారం: బడి

1843లో ఇదే తేదీన రాబర్ట్ నోబుల్ ఇక్కడ బడి తెరిచాడు. ఆంగ్లికన్ చర్చికి చెందిన చర్చి మిషనరీ సొసైటీ పంపిన మనిషి. అంతకు రెండేళ్ల ముందు, 1841లో, హెన్రీ ఫాక్స్ అనే ఇంకో కుర్ర పాదిరితో కలిసి వచ్చాడు. పని పంచుకున్నారు: ఫాక్స్ వీధుల్లో, సంతల్లో తెలుగులో బోధించాలి, నోబుల్ బడి నడపాలి. మొదటి రోజు చేరినవాళ్లు ఇద్దరే ఇద్దరు.

పొద్దున్నే ఆటో ఎక్కి "నోబుల్" అన్నాను. రాత్రి పాఠం అప్పుడే మర్చిపోయాను. ఆటో కుర్రాడు నన్ను కాలేజీ దగ్గర దింపాడు. తప్పు నాదే. కానీ దాని వల్ల నష్టం జరగలేదు. గేటు పక్కన టీ కొట్టులో కూర్చుంటే, సెమిస్టరు పరీక్షల గురించి తిట్టుకుంటున్న పిల్లలు కనిపించారు. దొర ఎవరో తెలుసా అని ఒకణ్ణి అడిగాను. "మా కాలేజీ ఓనర్ అనుకుంటా అంకుల్" అన్నాడు. పక్కవాడు వాడి నెత్తి మీద ఒక్కటిచ్చాడు.

ఆ దొర ఓనరేమీ కాదు. పెళ్లి చేసుకోలేదు. వచ్చిన దగ్గర్నుంచి ఇరవై నాలుగేళ్లలో ఒక్కసారి కూడా సెలవు మీద ఇంగ్లండు వెళ్లలేదు. 1865 అక్టోబరులో ఇక్కడే పోయాడు. ఫాక్స్‌ది ఇంకో రకం గీత. భార్య పోయింది, ఒంట్లో బాగాలేక ఇంగ్లండు తిరిగి వెళ్లి 1848లో ముప్పై ఒక్క ఏళ్లకే కన్నుమూశాడు. అతను చదివింది ఇంగ్లండులో పేరున్న రగ్బీ స్కూల్లో. అక్కడి పూర్వ విద్యార్థులు చందాలు వేసుకుని, ఫాక్స్ గుర్తుగా బందరు బడికి ఒక మేష్టరు ఉద్యోగాన్ని పోషించారు. దానికి రగ్బీ ఫాక్స్ మాస్టర్‌షిప్ అని పేరు. సముద్రం అవతల ఒక బడి పిల్లలు ఇవతల ఒక బడి మేష్టరుకి జీతం ఇవ్వడమన్నమాట. మా తాతయ్య ఇంగ్లీషు ఉచ్చారణ గురించి ఇంట్లో జోకులు వేసేవాళ్లం. ఇకమీదట వేయను.

హైస్కూలుకి చేరేసరికి ఇంటర్వెల్ బెల్లు కొట్టారు. గేటు దగ్గర వాచ్‌మన్‌కి ఫోటో చూపించాను. ఆయన కళ్లజోడు తీసి, తుడుచుకుని, పెట్టుకుని "వీళ్లలో ఎవరన్నా ఉన్నారా అండీ ఇప్పుడు?" అన్నాడు. 1936 అని చెప్పాక "అయితే లేనట్టే" అని లోపలికి తీసుకెళ్లాడు. ఆవరణలో నిలబడి ఫోటోలో వెనక కనిపించే గోడ ఏదా అని చూశాను. ఇదేనేమో అనిపించిన గోడ ముందు ఇప్పుడు సైకిళ్లు ఉన్నాయి. పిల్లలు నా చుట్టూ మూగి తాతయ్యని వెతికే ఆట మొదలుపెట్టారు. అందరూ తలపాగా మేష్టర్నే చూపించారు. కోటు లేని కుర్రాడు ఒకడు వెనక వరసలో ఆ చివర ఉన్నాడని మొదట గమనించింది ఒక ఆరో తరగతి పిల్ల. అన్నేళ్లుగా చూస్తున్నా నేను గమనించలేదు.

ఆఫీసులోకి వెళ్లి పాత అడ్మిషన్ రిజిస్టరు అడుగుదామని బయల్దేరినవాణ్ణి, గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయాను. ఆ రిజిస్టరులో కులం గడి ఉంటుంది. ఎందుకో ఆ పూట చూడాలనిపించలేదు.

ఇక్కడ ఆ సంగతి చెప్పక తప్పదు. నోబుల్ ఈ బడిని పెట్టిందే అగ్రకులాల పిల్లల కోసం. పెద్ద కులాలవాళ్లు మారితే ఊరంతా మారుతుందని లెక్క. అందుకని మాల మాదిగ పిల్లలకు మొదట్లో ఈ బడిలో చోటు లేదు. సాటి మిషనరీలే తప్పుబట్టినా ఆయన పట్టు వదల్లేదు. బైబిలు పాఠం మాత్రం అందరికీ తప్పనిసరి. తొమ్మిదేళ్లు ఎవరూ మారలేదు. 1852లో ఇద్దరు కుర్రాళ్లు, మంచాల రత్నం, ఐనాల భూషణం, బాప్తిస్మం తీసుకున్నారు. ఒకరు బ్రాహ్మణ కుటుంబం, ఒకరు వెలమ. ఊరు అట్టుడికిపోయింది. తల్లిదండ్రులు పిల్లల్ని మాన్పించేశారు, బడి ఖాళీ అయింది. తర్వాత మెల్లగా మళ్లీ నిండింది, ఎందుకంటే ఇంగ్లీషు చదువు కావాలి. మా ముత్తవ్వ భయానికి మూలం 1852 అని నాకు ఇక్కడికి వచ్చాకే అర్థమైంది. ఎనభై ఏళ్ల తర్వాత కూడా ఆ భయం అరుగు మీద మేకుకు వేలాడుతూనే ఉంది.

రత్నం, భూషణం తర్వాత పాదిరులయ్యారు. ఇదే బడిలో చదివిన జానీ అలీ అనే ముస్లిం కుర్రాడు మారి, కేంబ్రిడ్జి దాకా వెళ్లి చదివి, తిరిగి వచ్చి మిషనరీగా పనిచేశాడు. అలాంటివాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

అదే రోజు మధ్యాహ్నం: ఇంగ్లీషుపాలెం

బందరులో పేటల పేర్లు చదివితే చాలు, చరిత్ర పుస్తకం అక్కర్లేదు. ఇంగ్లీషువాళ్లు ఉన్నచోటు ఇంగ్లీషుపాలెం, డచ్చివాళ్లది వలందపాలెం, ఫ్రెంచివాళ్లది పరాసుపేట. ఆ ఎండలో నేను ఇంగ్లీషుపాలెంలో దారి తప్పి, ఒకే సందులోకి మూడుసార్లు వచ్చాను. మూడోసారికి ఒక ఇంటి వరండాలో పేపరు చదువుకుంటున్న పెద్దాయన "ఎవరింటికి బాబూ?" అన్నారు. చెప్పాను. "ముందు కూర్చోండి" అని లోపలికి కేకేసి మజ్జిగ తెప్పించారు. నిమ్మాకు నలిపి వేసిన మజ్జిగ. ఆ ఊళ్లో నేను తాగినవాటిలో అదే గొప్పది, దానికి డబ్బుల్లేవు.

ఆయన రిటైరైన లెక్కల మేష్టారు. సి.ఎస్.ఐ. సంఘం మనిషి. ఆంగ్లికన్, మెథడిస్టు, ఇంకా కొన్ని సంఘాలు కలిసి 1947 సెప్టెంబరులో దక్షిణ ఇండియా సంఘం, అంటే ఈ సి.ఎస్.ఐ., అయింది కదా, అప్పటి నుంచి నోబుల్ సంస్థలు కూడా ఆ గొడుగు కిందివే. నేను బడి గొప్పలు కాసేపు చెప్పాను. ఇక్కడ చదువు చెప్పిన రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు, ఆయన శిష్యులు ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య, వాళ్లు కోపల్లె హనుమంతరావుగారితో కలిసి 1910లో ఇదే ఊళ్లో పెట్టిన ఆంధ్ర జాతీయ కళాశాల, ముట్నూరివారు నడిపిన కృష్ణాపత్రిక, పట్టాభిగారు 1923లో పెట్టిన ఆంధ్రా బ్యాంకు. దొర క్రైస్తవుల్ని తయారుచేద్దామని బడి పెడితే దేశభక్తులు తయారయ్యారని నా ముక్తాయింపు. దారంతా బస్సులో తయారు చేసుకున్న వాక్యం అది.

మేష్టారు మెల్లగా నవ్వారు. "క్రైస్తవులూ తయారయ్యారు బాబూ. కాకపోతే ఆ గేటు లోపల కాదు" అన్నారు.

ఆయన చెప్పింది పగోలు వెంకయ్య కథ. రాఘవాపురం మాలపల్లె మనిషి. చదువు లేదు. విగ్రహాల మీద నమ్మకం పోయి, అసలు దేవుడు ఎవరో, ఎక్కడున్నాడో చూపించమని తనలో తానే మొక్కుకునేవాడట. బెజవాడలో డార్లింగ్ అనే పాదిరి ఉన్నాడని విని నడిచి వెళ్లాడు. 1859లో బాప్తిస్మం తీసుకున్నాడు. అతని వెనక బంధువులు, పక్క పల్లెలు, తర్వాత వేలమంది. నోబుల్ పదహారేళ్లు పై మెట్టు మీద నిలబడి పిలుస్తుంటే రానిది, పిలవని మెట్టు నుంచి నడిచొచ్చింది. 1912లో దోర్నకల్‌కి అజరయ్యగారు ఆంగ్లికన్ చర్చిలో మొదటి భారతీయ బిషప్పు అయ్యేనాటికి ఆ సంఘాల్లో ఎక్కువమంది ఈ పల్లెలవాళ్లే.

"మరి మీ నాన్నగారు నోబుల్‌లో చదివారా?" అని అడిగాను. "మా తాత గేటు బయట. మా నాన్న లోపల. మధ్యలో అరవై ఏళ్లు" అన్నారు. అప్పుడు ఫోటో ప్రింటు తీసి ఇచ్చాను. చాలాసేపు చూశారు. వెనక వరసలో కోటు లేని కుర్రాడి దగ్గర ఆయన వేలు ఆగింది, తర్వాత మళ్లీ కదిలింది. "నాన్న పొట్టి. ఇతను పొడుగు" అన్నారు. ప్రింటు ఆయన దగ్గరే ఉంచేయమన్నాను. వద్దంటూనే పేపరు మడతలో పెట్టుకున్నారు. నంబర్లు మార్చుకున్నాం.

చొక్కా కథ మాత్రం చెప్పలేదు. అంతదాకా ఎవరికైనా నవ్వుతూ చెప్పిన కథే. ఆ వరండాలో నవ్వు రాలేదు.

నవంబరు 22, శుక్రవారం: కోట, సముద్రం, లడ్డూ

ఆటో ఒక పూటకి 600కి మాట్లాడుకున్నాను. కుర్రాడు గైడు కూడా అని తర్వాత తెలిసింది. బందరుకోటలో పాత ఆయుధాల కొట్టు శిథిలాలు, పిచ్చి తుమ్మలు, మేకలు. 1864 నవంబరు 1 రాత్రి తుఫానుకి సముద్రం ఈ కోట మీదుగా ఊళ్లోకి వచ్చింది. సుమారు 30,000 మంది పోయారు. దొర సహచరుడు షార్కీ నడిపిన ఆడపిల్లల బడిలో కూడా చాలామంది పిల్లలు కొట్టుకుపోయారు. తర్వాత ఇంగ్లీషు సైన్యం ఈ కోట వదిలి వెళ్లిపోయింది. బడి మాత్రం వెళ్లలేదు. నోబుల్ ఇంకొక ఏడాదే బతికాడు.

ఆటో కుర్రాడికి 1864 తెలియదు, 1977 తెలుసు. వాళ్ల అమ్మమ్మది దివిసీమ. నవంబరు 19 నాటి ఉప్పెనలో తాటిచెట్టు పట్టుకుని బతికిందట. "మొన్ననే ఆబ్దికాలు పెట్టారు సార్ అక్కడ, ఊరూరా ఒకే రోజు" అన్నాడు. అక్కణ్ణుంచి సెయింట్ మేరీస్ చర్చికి తీసుకెళ్లి, 1809లో పోయిన అరబెల్లా రాబిన్సన్ అనే దొరసాని కథ మొదలెట్టాడు. ఆమెని ప్రేమించిన జాన్ పేటర్ అనే సైనికాధికారి శవాన్ని పాడవకుండా గాజు పెట్టెలో ఉంచి, దాని చుట్టూ గుడి కట్టించాడని ఊళ్లో చెప్పుకుంటారు. కుర్రాడు దానికి ఒక దెయ్యాన్ని కూడా చేర్చాడు. చేర్చినందుకు విడిగా ఏమీ అడగలేదు.

మంగినపూడి పదకొండు కిలోమీటర్లు. అక్కడ ఇసుక కన్నా నల్లమట్టి ఎక్కువ, నీళ్లు టీ రంగు. మోకాలు లోతులో అరఫర్లాంగు నడిచినా నడుము తడవదు. ఈ లోతు లేకపోవడమే బందరు రేవును తినేసింది, పెద్ద ఓడలు దూరంగా ఆగిపోయేవి. ఇప్పుడు తపసిపూడి వైపు కొత్త పోర్టు కడుతున్నారు, లారీల దుమ్ము బీచి దాకా వస్తోంది. మొక్కజొన్న పొత్తు 30. ఆటో కుర్రాడికి కూడా కొనబోతే, వాడే ముందు డబ్బులిచ్చేశాడు. "మా ఊరొచ్చారు కదా సార్."

తిరుగు బస్సుకి ముందు లడ్డూ. బందరు తొక్కుడు లడ్డూకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బుందేల్‌ఖండ్ వైపు నుంచి వచ్చిన బొందిలీలు ఈ మిఠాయిని తెచ్చారంటారు. శనగపిండితో పూస ఒత్తి, నేతిలో వేయించి, దంచి, జల్లించి, బెల్లం పాకంలో మళ్లీ దంచుతారు. ఆ దంపుడే తొక్కుడు. కొట్టు వెనక నుంచి ఆ చప్పుడు వస్తూనే ఉంది. రుచి చూడకుండా అమ్మరు. కాగితం ముక్క మీద లడ్డూ, దాని పక్కన నల్ల హల్వా పెట్టి మన ముఖం వైపు చూస్తూ నిలబడతారు. లడ్డూ కిలో 500. గోధుమ పాలతో చేసిన హల్వా అరకిలో 220. ప్యాకింగు కుర్రాడు దారం కట్టి, పంటితో తెంపి, "బస్సులో తెరవకండి, అందరూ అడుగుతారు" అని హెచ్చరించాడు. తెరిచాను. అడిగారు.

మూడు రోజుల ఖర్చు, హైదరాబాదు బస్సులు కలిపి, ఆరువేల లోపే.

హైదరాబాదు, ఆదివారం

నాన్నకి అన్నీ వరసగా చెప్పాను. సైకిళ్ల వెనక గోడ దగ్గర ఆపి "అదే. మామిడిచెట్టు ఉండేదని నాన్న చెప్పేవాడు. ఉందా?" అన్నాడు. నేను చూడలేదు. అంతమందిని అడిగి ఆ ఒక్కటీ అడగనందుకు కాస్త విసుక్కున్నాడు.

రాత్రి తొమ్మిదింటికి మేష్టారి దగ్గర్నుంచి వాట్సాప్ వచ్చింది. నేనిచ్చిన ప్రింటుకి ఆయన మళ్లీ ఫోటో తీశారు. వెనక వరస చివరి కుర్రాడి చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఉంది. కింద: "ఇతని పేరు మీ నాన్నగారికి ఏమన్నా గుర్తుందేమో అడగండి బాబూ. మా పేటలో పెద్దవాళ్లు ముగ్గురు మూడు పేర్లు చెబుతున్నారు."

నాన్న ఫోన్ కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూశాడు. లైటు వేయమన్నాడు. ట్రంకు పెట్టె లాగించి అసలు ఫోటో తీయించాడు. ముందు వరసలో మేష్టర్ల పేర్లు నాలుగు చెప్పాడు. తాతయ్యకి అటూ ఇటూ ఉన్నవాళ్ల పేర్లు, ఇంటిపేర్లతో సహా, వాళ్ల పిల్లలు ఎక్కడెక్కడ స్థిరపడ్డారో కూడా చెప్పాడు. ఆ చివరికి వచ్చేసరికి ఆగిపోయాడు.

"నాన్న ఎప్పుడూ చెప్పలేదురా" అన్నాడు. కాసేపాగి, "నేనూ అడగలేదు."

అదే మేష్టారికి రాసి పంపాను.